డాక్టర్ ఫీజు ఇంతే ఉండాలని సర్కారు చెప్పగలదా?

క్లుప్తంగా: ప్రైవేటు డాక్టర్ తీసుకునే ఓపీ ఫీజుకు తెలంగాణలో చట్టం నిర్ణయించిన గరిష్ఠ మొత్తం అంటూ ఏదీ అమల్లో లేదు. కలెక్టరో ఆరోగ్యశాఖో ఒక ఉత్తర్వు ఇచ్చి దాన్ని తగ్గించడానికి వీల్లేదు. అందుకు చట్టం కావాలి, ఆ చట్టంలో రేటు కట్టే పద్ధతి ఉండాలి, ఆ పద్ధతి సహేతుకమని కోర్టులో నిలబడాలి. అయితే ఫీజు ఎంతో ముందే బోర్డు మీద రాయించడం, బిల్లు ఇప్పించడం, రాసినదానికంటే ఎక్కువ గుంజితే చర్య తీసుకోవడం సర్కారు చేతిలో ఇప్పటికే ఉన్న పనులు. లేని అధికారం గురించి చర్చ సాగినంతగా ఉన్న అధికారం గురించి సాగడం లేదు.

ప్రశ్న ఎక్కడ పుడుతోంది

ఉత్తర తెలంగాణలో పెద్ద జబ్బు చేస్తే చాలామందికి దారి వరంగల్‌కే. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట, పరకాల నుంచి, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దు పల్లెల నుంచి కూడా అక్కడి ప్రభుత్వ ఎంజీఎం దవాఖానకు వస్తారు. అక్కడ రద్దీ తట్టుకోలేక, లేదా ఫలానా స్పెషలిస్టుకే చూపించాలని హనుమకొండలోని ప్రైవేటు ఆసుపత్రుల వైపు తిరిగేవాళ్లు తక్కువేమీ కాదు. ఒకే రోడ్డులో ఒక డాక్టర్ దగ్గర ఒక ఫీజు, రెండు బిల్డింగులు దాటితే దానికి రెట్టింపు ఫీజు. రివ్యూకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేని గడువు ఒకచోట పదిహేను రోజులు, మరోచోట వారం. బస్సు చార్జీలు పెట్టుకొని, కూలి పోగొట్టుకొని వచ్చిన మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

అందుకే సోమవారం ప్రజావాణి అర్జీల్లోనూ, ఊళ్లలో మాటల్లోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: సినిమా టికెట్‌కు, ఇంజినీరింగ్ సీటుకు, స్టెంటుకు రేటు పెట్టిన సర్కారు డాక్టర్ ఫీజుకు ఎందుకు పెట్టదు?

జవాబు చెప్పే ముందు ఒక పొరపాటు సరిచేయాలి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఫీజుల మీద మార్గదర్శకాలు ఇచ్చే అధికారం కమిషన్‌కు ఇచ్చిందన్న మాట నిజమే. కానీ ఆ ఫీజు ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో 50 శాతం సీట్లకు విద్యార్థులు కట్టేది. రోగి కట్టే ఫీజుతో దానికి సంబంధం లేదు. డాక్టర్ ఓపీ ఫీజు, ఆసుపత్రి బిల్లు కూడా చట్టం దృష్టిలో పూర్తిగా ఒకటి కావు. ఓపీ ఫీజు ప్రధానంగా ఒక వ్యక్తి వృత్తి హక్కుకు సంబంధించినది. గది అద్దె, ఆపరేషన్ థియేటర్, ల్యాబ్, మందులు అన్నీ కలిసిన బిల్లు ఒక సంస్థ నడిపే వ్యాపారానికి సంబంధించినది. రెండోదాన్ని నియంత్రించడం కొంత తేలిక, మొదటిది కష్టం.

జీవోతో ఎందుకు కుదరదు

రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణ ప్రతి పౌరుడికీ నచ్చిన వృత్తి చేసుకునే హక్కు ఇచ్చింది. చేసిన పనికి ఎంత తీసుకోవాలో నిర్ణయించుకోవడం ఆ హక్కులో భాగమే. అయితే 19(6) క్లాజు, ప్రజాప్రయోజనం కోసం ఆ హక్కు మీద సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని చెబుతుంది. కాబట్టి డాక్టర్ ఫీజు జోలికి ప్రభుత్వం రానేరాదు అన్న వాదన నిలవదు. ప్రాణరక్షణకు, ఆరోగ్యానికి 21వ అధికరణలో చోటుందని సుప్రీంకోర్టు 1989 నాటి పరమానంద్ కటారా కేసు నుంచి చెబుతూ వస్తోంది. రోగి వైపు కూడా రాజ్యాంగం ఉంది.

చిక్కు మరోచోట ఉంది. 19(6) అనుమతించేది చట్టం ద్వారా పెట్టే పరిమితినే. శాసనసభ చేసిన చట్టం గానీ, ఆ చట్టం ఇచ్చిన అధికారంతో వచ్చిన నిబంధన గానీ, ఉత్తర్వు గానీ అయి ఉండాలి. వెనక చట్టం లేని జీవో కేవలం పాలనాపరమైన ఆదేశం. దానితో పథకాలు నడపవచ్చు, డబ్బు కేటాయించవచ్చు, ఉద్యోగులకు విధులు అప్పగించవచ్చు. ఒక పౌరుడి హక్కును కత్తిరించడానికి అది చాలదు. 1967లో మధ్యప్రదేశ్ ప్రభుత్వానికీ ఠాకూర్ భరత్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా చెప్పింది. ఎవరికైనా నష్టం కలిగించే చర్య తీసుకోవాలంటే ప్రభుత్వం దాని వెనక ఉన్న చట్టాన్ని చూపించాలి.

వరంగల్ కలెక్టర్‌కు ఎంత సానుభూతి ఉన్నా, ఓపీ ఫీజు 300 దాటకూడదని ఒక సర్క్యులర్ ఇస్తే అది హైకోర్టులో మొదటి వాయిదాలోనే ఇబ్బందిలో పడుతుంది. రేటు న్యాయమా కాదా అన్న ప్రశ్న దాకా కోర్టు వెళ్లనక్కర్లేదు. ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద ఇచ్చారు అన్న దగ్గరే అది ఆగిపోతుంది.

మరి కొవిడ్‌లో ఎలా పెట్టారు

2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో కొవిడ్ చికిత్సకు రోజువారీ రేట్లు ప్రకటించింది. మామూలు వార్డుకు 4,000 రూపాయలు, వెంటిలేటర్ లేని ఐసీయూకు 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000. అప్పుడు పెట్టగలిగినవాళ్లు ఇప్పుడెందుకు పెట్టలేరు అని అడగడం సహజం.

అప్పటి జీవోల వెనక చట్టం ఉంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రభుత్వానికి అసాధారణమైన అధికారాలు ఇచ్చాయి. పరిస్థితి అత్యవసరం, కాలం పరిమితం, జబ్బు ఒక్కటే. పరిమితి సహేతుకమా అని తూచేటప్పుడు కోర్టు చూసేవి ఇవే. మహమ్మారి పోయాక ఆ ఆధారమూ పోయింది. మోకాళ్ల నొప్పికో షుగర్‌కో వైద్యం చేసే డాక్టర్ మీద అంటువ్యాధుల చట్టం ప్రయోగించలేరు.

ఆ అనుభవంలో చట్టానికి బయట కూడా ఒక పాఠం ఉంది. దాన్ని అంత తొందరగా మరిచిపోకూడదు. 2020 నాటి రేటులో ఖరీదైన మందులు, సీటీ, ఎంఆర్‌ఐ లాంటి పరీక్షలు, పీపీఈ కిట్లు కలవలేదు. గది రేటు కట్టడిలో ఉన్నా, కట్టడి లేని పద్దుల దారిన బిల్లు పెరగడానికి వీలు మిగిలిపోయింది. రెండో వేవ్ నాటికి ఫిర్యాదులు హైకోర్టు దాకా వెళ్లాయి. 2021 జూన్‌లో వచ్చిన కొత్త జీవో ఆ ఖాళీలు కొన్ని పూడ్చింది. ఛాతీ స్కానింగ్‌కు 1,995 రూపాయలు అంటూ పరీక్షలకు, కిట్లకు, అంబులెన్సులకు విడివిడిగా పరిమితులు పెట్టాల్సి వచ్చింది. ఒక పద్దుకు రేటు కడితే డబ్బు పక్క పద్దులోకి జారుతుంది. ఒకే జబ్బుకు ఇన్ని పద్దులు వెంటాడాల్సి వస్తే, అన్ని జబ్బులకూ కట్టాల్సిన రేట్ల పట్టిక ఎంత పెద్దదో ఊహించవచ్చు.

2010 చట్టం, తొమ్మిదో నిబంధన

సాధారణ కాలంలో ఆసుపత్రుల మీద పనిచేసే చట్టాలు రెండు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 2010లో పార్లమెంటు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి 252వ అధికరణ కింద, కొన్ని రాష్ట్రాలు కోరితే చేసిన చట్టం ఇది. మిగతా రాష్ట్రాలు ఇష్టమైతే స్వీకరించవచ్చు. స్వీకరించినవాటిలో తెలంగాణ ఉంది. పెద్ద ఆసుపత్రులే కాదు, ఒక్క డాక్టర్ నడిపే క్లినిక్ కూడా దీని కిందికి వస్తుంది.

ఈ చట్టం కింద 2012లో కేంద్రం చేసిన నిబంధనల్లో తొమ్మిదోది ఇప్పటి వివాదానికి కేంద్రం. అందులో ఒక భాగం, ప్రతి సేవకూ తీసుకునే రేటును అందరికీ కనబడేచోట స్థానిక భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిపెట్టాలంటుంది. రెండో భాగం, రాష్ట్రాలతో సంప్రదించి కేంద్రం నిర్ణయించే కనిష్ఠ, గరిష్ఠ రేట్ల మధ్యే వసూలు చేయాలంటుంది. కాగితం మీద చూస్తే రేటు నియంత్రణ అధికారం 2012 నుంచే ఉంది. ఆ రేట్లు మాత్రం ఏళ్లు గడిచినా రాలేదు.

వెటరన్స్ ఫోరమ్ ఫర్ ట్రాన్స్‌పరెన్సీ ఇన్ పబ్లిక్ లైఫ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 27న దీని మీద కేంద్రాన్ని నిలదీసింది. రాష్ట్రాల ఆరోగ్య కార్యదర్శులతో మాట్లాడి రేట్లు ఖరారు చేయాలని, లేదంటే కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ రేట్లను తాత్కాలికంగా అమలు చేయడాన్ని పరిశీలిస్తామని హెచ్చరించింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో కలవరం మొదలైంది అప్పుడే. ఆ తర్వాత కొద్ది వారాలకు కంటి వైద్యుల సంఘం అదే నిబంధన చెల్లదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అనుభవం, ఊరు, పరికరాలు వేరైనప్పుడు స్పెషలిస్టులందరికీ ఒకే రేటు ఎలా కుదురుతుందన్న ప్రశ్న అక్కడ లేచింది.

ఇందులో అసలు న్యాయపరమైన బలహీనత వేరు. రేట్లు కట్టే అధికారం చట్టంలో సూటిగా లేదు. రిజిస్ట్రేషన్‌కు కనీస ప్రమాణాలు, సిబ్బంది, రికార్డులు, వాటితోపాటు నిబంధనల్లో పెట్టే ఇతర షరతులు అని మాత్రమే చట్టం చెప్పింది. ఆ 'ఇతర షరతుల' కిందే రేట్లు వచ్చాయి. అంత పెద్ద విధాన నిర్ణయాన్ని పార్లమెంటు మాట లేకుండా నిబంధనలోకి తేవచ్చా అన్నది డాక్టర్ల వైపు గట్టి వాదన. నాణ్యత, అందుబాటు కలిసే ఉంటాయి కాబట్టి రేటు కూడా చట్టం ఉద్దేశంలో భాగమే అన్నది రెండో వైపు వాదన. తేల్చాల్సింది కోర్టే.

తెలంగాణకు మరో ముడి ఉంది, ఇది చాలా చర్చల్లో కనబడదు. 252వ అధికరణ కింద స్వీకరించిన చట్టాన్ని రాష్ట్ర శాసనసభ సవరించలేదు. ఆ పని పార్లమెంటుదే. సొంత చట్టం ఉన్న కేరళ, కర్ణాటక, పశ్చిమ బెంగాల్‌లకు ఉన్న వెసులుబాటు ఇక్కడ తగ్గిపోయింది. 2010 చట్టంలోకి రేట్ల సెక్షన్ ఒకటి చేర్చి అసెంబ్లీలో పాస్ చేయించడం హైదరాబాద్ చేతిలో లేదు. వైద్య వృత్తి, ధరల నియంత్రణ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటి ఆధారంగా విడిగా చట్టం చేయవచ్చని వాదించే వీలుంది. కానీ అది కేంద్ర చట్టంతో ఢీకొంటే రాష్ట్రపతి ఆమోదం అవసరమవుతుంది.

వెసులుబాటు ఉన్న రాష్ట్రాలు కూడా నేరుగా రేటు కట్టడం దగ్గర తడబడ్డాయి. కర్ణాటక 2017లో ప్రైవేటు ఆసుపత్రుల రేట్లకు పరిమితి, తప్పు చేస్తే జైలు అంటూ సవరణ తెచ్చింది. ఆ నవంబర్‌లో డాక్టర్ల సమ్మె నడిచాక, రేటు పరిమితిని ప్రభుత్వ పథకాల కింద వచ్చే రోగులకే కుదించి పాస్ చేసింది. కేరళ 2018 చట్టంలో గరిష్ఠ రేటు జోలికి పోకుండా, ఫీజులు ప్యాకేజీలు బయటపెట్టి తీరాలన్న దారి పట్టింది. డాక్టర్ల సంఘం ఐఎంఏ, ప్రైవేటు ఆసుపత్రులు దాన్ని సవాలు చేస్తే 2025లో కేరళ హైకోర్టు చట్టాన్నే సమర్థించింది. ఈ రెండు అనుభవాలు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. ధర ఎంతో చెప్పాలన్న చట్టం కోర్టులో నిలబడింది. ధర ఇంతే ఉండాలన్న చట్టం కోర్టు దాకా రాకుండానే వెనక్కి తగ్గింది.

ఇంజినీరింగ్ సీటుకు కుదిరింది కదా

కాలేజీ ఫీజుల చరిత్ర ఇక్కడ బాగా పనికొస్తుంది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు కాలేజీలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉందని, కానీ క్యాపిటేషన్ (సీటుకు ఫీజు కాక విడిగా గుంజే డబ్బు), లాభాపేక్ష కుదరవని చెప్పింది. 2016లో మోడరన్ డెంటల్ కాలేజీ కేసులో అయిదుగురి ధర్మాసనం ఫీజుల నియంత్రణ చట్టాన్ని సమర్థిస్తూ నాలుగు మెట్ల పరీక్ష పెట్టింది. ఉద్దేశం సరైనదేనా, పెట్టిన పరిమితి ఆ ఉద్దేశానికి పనికొస్తుందా, అంతకంటే తేలికైన మార్గం లేదా, హక్కుకు కలిగే నష్టానికీ ప్రజలకు కలిగే మేలుకూ పొంతన ఉందా?

డాక్టర్ ఫీజు చట్టం వస్తే దాన్ని కొలిచే గజం కూడా ఇదే. మూడో మెట్టు దగ్గరే అది ఎక్కువగా తడబడేది. ఫీజు బోర్డు కట్టుదిట్టంగా అమలు చేశారా, బిల్లులు తనిఖీ చేశారా, ఎంజీఎంలో ఓపీ పెంచారా అని డాక్టర్ల తరఫు లాయర్ అడుగుతాడు. అవేవీ చేయకుండా నేరుగా గరిష్ఠ రేటుకు వచ్చిన ప్రభుత్వానికి జవాబు చెప్పడం కష్టమవుతుంది.

తెలంగాణలో కాలేజీ ఫీజుల కమిటీ మూడేళ్లకోసారి ఒక్కో కాలేజీ లెక్కల పుస్తకాలు చూసి, జీతాలు, ఖర్చులు తూచి, యాజమాన్యం వాదన విని ఒక్కో ఫీజు ఖరారు చేస్తుంది. అక్కడ సంస్థలు లెక్కపెట్టగలిగినన్ని, అమ్మేది నాలుగేళ్ల కోర్సు. డాక్టర్ల విషయంలో వేలమంది, వాళ్లలో చాలామంది ఒంటరిగా క్లినిక్ నడిపేవాళ్లు. ఒకరు రోజుకు ఇరవై మందిని, ఒకరు నూరు మందిని చూస్తారు. గుండె డాక్టర్ పదిహేను నిమిషాలకూ, పిల్లల డాక్టర్ అయిదు నిమిషాలకూ ఖర్చు ఎలా కట్టాలి? అసాధ్యమని కాదు. జపాన్ దేశం మొత్తానికీ ఒకే వైద్య రేట్ల పట్టిక నడుపుతూ, రెండేళ్లకోసారి సవరిస్తోంది. కానీ అక్కడ దాదాపు ప్రతి మనిషికీ బీమా ఉంది, డాక్టర్‌కు డబ్బులో ఎక్కువ భాగం ఆ బీమా నుంచే వస్తుంది.

స్టెంట్ల సంగతి మరీ వేరు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూత లేని (బేర్ మెటల్) స్టెంటుకు 7,260, మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయల పరిమితి పెట్టింది. అంతకుముందు రెండో రకం సగటున లక్షా ఇరవై వేల పైచిలుకు ఉండేది. ఇది నిత్యావసర వస్తువుల చట్టం, దాని కింద వచ్చిన 2013 నాటి ఔషధ ధరల ఉత్తర్వు ఇచ్చిన అధికారం. స్టెంటు వస్తువు, దానికి తయారీ ఖర్చు ఉంది, లేబుల్ ఉంది. డాక్టర్ సేవ ఆ చట్టం కిందికి రాదు. 1987లో సైనమైడ్ కేసులో సుప్రీంకోర్టు, ధర కట్టడం శాసన స్వభావం ఉన్న పని అని, పద్ధతి ఏకపక్షం కానంతవరకు లోతుగా జోక్యం చేసుకోబోమని చెప్పింది. కాబట్టి సరైన చట్టం గనక ఉంటే కోర్టులు ప్రభుత్వానికి చాలా చోటే ఇస్తాయి. ఆ చట్టమే ఇక్కడ లేనిది.

సర్కారే డబ్బు కట్టేచోట

చట్టంతో కట్టలేని రేటును ఒప్పందంతో కట్టవచ్చు. ఆరోగ్యశ్రీలో జరిగేది అదే. నెట్‌వర్క్ ఆసుపత్రి ప్రభుత్వ ప్యాకేజీ రేటుకు చేస్తానని సంతకం పెడుతుంది, ఆ పథకం కింద చేర్చుకున్న రోగి దగ్గర విడిగా డబ్బు తీసుకోకూడదు. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెంచారు, 2024లో ప్యాకేజీ రేట్లు సవరించారు. ఇక్కడ వృత్తి హక్కు అన్న వాదన పనిచేయదు. రేటు నచ్చకపోతే ఒప్పందంలోకి రాకుండా ఉండే స్వేచ్ఛ ఆసుపత్రికి ఉంది కాబట్టి.

ఆ స్వేచ్ఛే ఈ మార్గానికి హద్దు కూడా. బకాయిలు పేరుకుపోతే ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి, ఆపాయి కూడా. 2025 సెప్టెంబర్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపేసినప్పుడు ఆపరేషన్ వాయిదా పడి ఇబ్బంది పడింది కార్డు పట్టుకొని వచ్చిన పేద రోగులే. సకాలంలో డబ్బు కట్టని కొనుగోలుదారుకు బేరమాడే బలం ఉండదు.

యజమానిగా సర్కారుకు ఉన్న అధికారం ఇంకా సూటైనది. ఎంజీఎంలో, కాకతీయ మెడికల్ కాలేజీలో పనిచేసే డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు ఉండాలా వద్దా అన్నది సర్వీసు షరతు. కొత్తగా చేరే డాక్టర్లకు తెలంగాణ 2022లో దాన్ని నిషేధించింది. పశ్చిమ బెంగాల్ మెడికల్ టీచర్ల మీద పెట్టిన ఇలాంటి నిషేధాన్ని సుప్రీంకోర్టు 1993లో సుకుమార్ ముఖర్జీ కేసులో సమర్థించింది. ఇది ప్రైవేటు ఫీజును తగ్గించదు. కానీ ప్రభుత్వ దవాఖానలో డాక్టర్ సమయాన్ని పెంచితే, ప్రైవేటు ఓపీ మీద ఒత్తిడి అంతమేరకు తగ్గుతుంది. ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ములుగులో, భూపాలపల్లిలో, మహబూబాబాద్‌లో ఆ కాలేజీల అనుబంధ ఆసుపత్రుల్లో స్పెషలిస్టు నిజంగా ఓపీలో కూర్చుంటే, హనుమకొండ ఫీజుల మీద ఏ చట్టం కంటే ఎక్కువ ప్రభావం దానిదే అవుతుంది.

డాక్టర్ల సంఘమే ఒక రేటు పెడితే

ఊరి డాక్టర్లంతా కూర్చుని ఒకే ఫీజు అనుకుంటే సమస్య తీరుతుందని కొందరు సూచిస్తుంటారు. ఉద్దేశం మంచిదైనా ఇది ప్రమాదకరమైన దారి. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, ఒకే సేవ అమ్మేవాళ్లు కలిసి ధర నిర్ణయించుకోవడం పోటీని దెబ్బతీసే ఒప్పందంగా లెక్క. వృత్తి సంఘాలకు మినహాయింపు లేదు. గరిష్ఠ రేటు అని పేరు పెట్టినా చిక్కు తప్పదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని మారికోపా కౌంటీ డాక్టర్ల సంస్థలు గరిష్ఠ ఫీజులు నిర్ణయించుకుంటే, ఆ దేశ సుప్రీంకోర్టు 1982లో అది చెల్లదని కొట్టేసింది. తక్కువ తీసుకునే డాక్టర్‌ను పైకి లాగడానికే అలాంటి తీర్మానాలు ఎక్కువగా పనికొస్తాయి.

పరిమితి వస్తే ఏం జరగవచ్చు

ఎప్పటికైనా గరిష్ఠ ఓపీ ఫీజు వచ్చిందనుకుంటే, ముందుగా మారేది రివ్యూ గడువు. పదిహేను రోజులు వారం అవుతుంది, వారం మూడు రోజులు అవుతుంది. ఆ తర్వాత ఫైల్ చార్జీ, రిజిస్ట్రేషన్ చార్జీ లాంటి కొత్త పద్దులు పుడతాయి. పరకాలలో 200 తీసుకునే డాక్టర్‌కు చట్టబద్ధమైన గరిష్ఠం 400 అని తెలిస్తే అక్కడి ఫీజు పెరిగే అవకాశమే ఎక్కువ.

ఒకసారి కట్టిన రేటు అక్కడే గడ్డకట్టడం ఇంకో ప్రమాదం. సీజీహెచ్‌ఎస్‌లో కన్సల్టేషన్ ఫీజు ఏళ్లపాటు 150 రూపాయల దగ్గరే ఉండి, 2023 ఏప్రిల్‌లో 350 అయింది. మామూలు ఓపీకి అలాంటి రేటే పెట్టి ఏళ్లకేళ్లు వదిలేస్తే, డాక్టర్ తక్కువ సమయం చూస్తాడు, లేదా ఊరు వదిలి హైదరాబాద్ వెళ్తాడు. ఈ నష్టం వరంగల్‌కంటే మంచిర్యాలకు, ఆదిలాబాద్‌కు ముందు తగులుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఓపీకి వచ్చిన రోగి జేబు నుంచి పోయేదాంట్లో డాక్టర్ ఫీజు కంటే మందులకూ పరీక్షలకూ పోయేదే సాధారణంగా ఎక్కువ. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం సొంతంగా పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతం. తగ్గినా, ఇప్పటికీ చాలా ఎక్కువే. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం 2002 నాటి వైద్య నీతి నిబంధనల్లోని 6.4 కింద నిషిద్ధం. ఊరి ఆర్‌ఎంపీ నుంచి స్కానింగ్ సెంటర్ దాకా కమీషన్లు నడుస్తున్నాయన్న ఫిర్యాదు ఉత్తర తెలంగాణలో ఏళ్లుగా ఉంది. ఆ కమీషన్ చివరికి చేరేది రోగి బిల్లులోకే. ఓపీ ఫీజులో వంద తగ్గించి, అక్కర్లేని స్కానింగ్‌లను అలాగే సాగనిస్తే రోగికి మిగిలేదేమీ లేదు.

బోర్డు, బిల్లు, ఫిర్యాదు

చేతిలో ఉన్న అధికారం చిన్నదేమీ కాదు. 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం డాక్టర్ తన ఫీజును, ఇతర చార్జీలను తన గది దగ్గరా, తాను వెళ్లే ఆసుపత్రిలోనూ బోర్డు మీద రాయాలి. వైద్యం చేయకముందే ఫీజు చెప్పాలి, ఆపరేషన్ మధ్యలోనో తర్వాతో కాదు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వీటి స్థానంలో 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చినా అదే నెలలో వాటిని పక్కన పెట్టారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి. ఇవి ఉల్లంఘించిన డాక్టర్ మీద ఫిర్యాదు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు వెళ్తుంది. ఆసుపత్రి మీదైతే, కలెక్టర్ అధ్యక్షతన, జిల్లా వైద్యాధికారి కన్వీనర్‌గా ఉండే జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి. 2010 చట్టం కింద జరిమానా మొదటి తప్పుకు 10 వేల దాకా, రెండోదానికి 50 వేల దాకా, ఆ తర్వాత 5 లక్షల దాకా ఉంటుంది.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వీపీ శాంత కేసులో తేల్చింది. 2019 చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. జిల్లా కమిషన్ ముందు, డాక్టర్ 700 తీసుకోవడం ఎక్కువ అన్న ఒక్క వాదనతో గెలవడం కష్టం. బోర్డు మీద 500 ఉంటే 700 తీసుకున్నారు, అడిగినా రసీదు ఇవ్వలేదు, మందుకు ఎంఆర్‌పీ మించి వేశారు అన్నవాటికి మాత్రం బలం ఉంటుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ కేసు వేయడానికి ఫీజు కూడా లేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ముందు ఏం చేయాలో చెబుతారు.

కోర్టులు తామే రేట్లు కట్టే పనికి దిగడానికి ఇష్టపడటం లేదు. ఆసుపత్రి ఫార్మసీల్లోనే మందులు కొనాలన్న ఒత్తిడి మీద దాఖలైన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు, అది రాష్ట్రాలు తేల్చాల్సిన విధాన విషయమని వాళ్లకే అప్పగించింది. బంతి హైదరాబాద్‌లో ఉంది, జిల్లా మేరకు కలెక్టరేట్‌లో ఉంది. హనుమకొండలో ఎన్ని క్లినిక్‌ల ముందు తెలుగులో ఫీజు బోర్డు ఉందో ఒక వారం తనిఖీ చేయడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు, కొత్త సెక్షన్ కూడా అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారి సంతకంతో తనిఖీ బృందాలు రేపే బయల్దేరవచ్చు.